ముందు రాసి చూపించి, తర్వాత వినమంటే ఎలా?

ఎష్‌బోర్న్‌లో ఆదివారమంటే నిశ్శబ్దం. దుకాణాలుండవు, డ్రిల్లింగ్ మోతా ఉండదు. మొన్న అలాంటి మధ్యాహ్నమే మా పెద్దమ్మగారబ్బాయి వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. పాడుబడ్డ బంగళా, ఏదో హోరు, కింద పెద్దక్షరాలతో "నన్ను వదలండి" అని. "విన్నావా? ఇప్పుడేమంటావ్?" అని సవాలొకటి.

విన్నాను. అచ్చం అలాగే వినబడింది. తర్వాత తెర కనబడకుండా మా ఆవిడకి వినిపించాను. "మళ్ళీ వాషింగ్ మెషీన్ పాడైందా?" అంది.

అన్నయ్యా, కిటుకంతా ఆ అక్షరాల్లోనే ఉంది. ఈ దేశంలో ఇది పాత గొడవే. లాత్వియా నుంచి వచ్చిన రౌడివ్ అనే ఆయన, టేపుల హోరులో చనిపోయినవాళ్ళ మాటలు వినబడుతున్నాయని 1968లో ఇక్కడ పుస్తకమే వేశాడు. ఆయనకి చాలా భాషలొచ్చు. ఆ గొంతులూ ఒకే వాక్యంలో రెండు మూడు భాషలు కలిపేసేవి మరి!

పక్కనే నెదర్లాండ్స్‌లో, మాస్ట్రిక్ట్ పరిశోధకులు 44 మంది విద్యార్థులకి 'వైట్ క్రిస్మస్' పాట వినిపించారు. తర్వాత ఒట్టి హోరు పెట్టి, ఇందులో ఆ పాట ఉండొచ్చు, వినబడితే బటన్ నొక్కమన్నారు. 14 మంది నొక్కారు. అందులో పాట లేనే లేదు. 2001 నాటి సంగతిది. వాళ్ళు పిచ్చివాళ్ళూ కాదు, అబద్ధాలకోర్లూ కాదు. నాకూ స్నానం చేస్తుంటే ఆఫీసు ఫోను మోగుతూనే ఉంటుంది.

సెలవులకొచ్చి మా తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని సుద్దముక్కతో రాసింది నువ్వే. తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందన్నావు. ఆ వారమంతా రాత్రిళ్ళు నాకు అమ్మ పిలుపు వినబడేది. అమ్మేమో పక్క మంచం మీద గురక పెడుతూ ఉండేది!

ఇంతవరకే అయితే నీతో పేచీ లేదు. అత్తయ్య మాటేమిటి? మావయ్య పోయిన నెలకి, ఆయన పిలిచినట్టైందంది. అంతే. వేల్స్‌లో రీస్ అనే డాక్టరు భర్తో భార్యో పోయిన 293 మందిని అడిగి 1971లో రాశాడు: దాదాపు సగం మందికి పోయినవాళ్ళు దగ్గరే ఉన్నట్టో, కనబడినట్టో, పిలిచినట్టో అనిపించిందట. వాళ్ళలో ఎక్కువమందికి అది ఊరటే. మరి అత్తయ్యకెందుకు కాలేదు? "కోపంగా ఉన్నాడా? ఏమైనా అడిగాడా?" అని నువ్వు గుచ్చి గుచ్చి అడిగావు. చాలదన్నట్టు ఒక స్వామి దగ్గరికి తీసుకెళ్ళావు. మావయ్య కోపంగా ఉన్నాడని ఆయన తేల్చాడు. ఆ రాత్రి నుంచే పిలుపు కాస్తా తిట్లయింది. ఇప్పుడావిడకి నిద్ర లేదు.

నెలాఖరుకి వస్తున్నాను, డాక్టరుతో మాట్లాడాను. ఈలోపు "ఇవాళ ఏమన్నాడు" అని మాత్రం అడక్కు. అన్నం తిన్నదో లేదో అడుగు.