లెక్కాపత్రం: నలభై ఏళ్ళ వాయిదా మీద పొగ బాకీ



బ్యాంకులో అప్పు తీసుకున్నవారికి మొదటి వాయిదా కట్టేదాకా కొంత గడువు ఉంటుంది. ఆ గడువులో అప్పు ఉన్నట్టే తోచదు. వడ్డీ మాత్రం ఆదివారాలూ పండుగలూ చూడకుండా పెరుగుతూనే ఉంటుంది. పొగతాగడమూ ఇటువంటి అప్పే. కాకపోతే దీని గడువు ఆరు నెలలో ఏడాదో కాదు, ముప్పై నలభై ఏళ్ళు. ఒక మనిషికే కాదు, ఒక దేశానికీ ఇదే లెక్క. ఈ లెక్కను ఎంతో కాలంగా శ్రద్ధగా రాసిపెట్టుకున్న దేశం బ్రిటన్. ఈసారి ఆ ఖాతా తిరగేద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడి సైనికులకు తిండితోపాటు సిగరెట్లూ అందాయి. ఆ అలవాటు ఇళ్ళకు చేరింది. 1948 నాటికి మగవారిలో నూటికి 82 మంది ఏదో ఒక రూపంలో పొగాకు కాల్చేవారు. ఆడవారిలో ఈ అలవాటు ఆలస్యంగా, ముఖ్యంగా రెండో యుద్ధకాలంలో బలపడి, నూటికి 41 దాకా వచ్చింది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు ఎందుకు పెరుగుతున్నాయో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. మోటారు బండ్ల పొగేమో, రోడ్లకు వేసే తారేమో అనుకున్నారు. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు లండన్ ఆసుపత్రుల్లోని రోగుల అలవాట్లు సేకరించి, అసలు కారణం సిగరెట్టేనని 1950లో చూపించారు. ఆ లెక్కలు చూశాక డాల్ స్వయంగా సిగరెట్ మానేశారు. 1951లో దేశంలోని డాక్టర్లందరికీ ఉత్తరాలు రాసి, జవాబిచ్చినవారిలో 34,439 మంది మగ డాక్టర్ల జీవితాలను యాభై ఏళ్ళపాటు గమనిస్తూ వచ్చారు. 2004లో తుది ఫలితం వెలువడే నాటికి డాల్‌గారికి 91 ఏళ్ళు. చిన్నతనం నుంచీ సిగరెట్ మానకుండా తాగినవారు, తాగనివారికన్నా సగటున పదేళ్ళ ముందే పోతున్నారని తేలింది.

ఇక అసలు విషయానికి వద్దాం. 1950లో పొగతాగే మగవాడు 75 ఏళ్ళలోగా ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయే ప్రమాదం నూటికి 6. 1990లో నూటికి 16. ఈ మధ్యకాలంలో తాగేవారి సంఖ్య సగానికి తగ్గింది. కాని మానకుండా తాగేవారి ప్రమాదం మాత్రం రెండింతలు దాటింది. ఎందుకంటారా? 1950లో ముసలివారైన చాలామంది యవ్వనం నుంచీ సిగరెట్లు తాగినవారు కారు. 1990 నాటి ముసలివారు పదిహేనో ఇరవయ్యో ఏట మొదలుపెట్టినవారు. వడ్డీ పూర్తిగా కూడిందన్నమాట. ఆడవారి విషయంలో ఇది ఇంకా స్పష్టం. 1950లో నూటికి 1 ఉన్న ప్రమాదం 1990 నాటికి 10కి దగ్గరైంది. 1950 నాటి పద్దు ఒక్కటే చూసినవాడు "ఆడవారికి పొగ హాని చేయదు" అని సంతకం పెట్టేసి ఉండేవాడు. మగవారిలో ఈ చావుల రేటు 1970ల మొదట్లో శిఖరానికి చేరి దిగసాగింది. ఆడవారిలో ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు పెరిగింది.

2023 నాటికి బ్రిటన్‌లో పెద్దవాళ్ళలో పొగతాగేవారు నూటికి 12 మందే. అయినా ఒక్క ఇంగ్లండ్‌లోనే 2019లో పొగవల్ల సుమారు 75 వేలమంది పోయారు. ఇవన్నీ పాత బాకీలు, ఇప్పుడు వసూలవుతున్నాయి.

మన సంగతి చూద్దాం. 2010 తరువాత ఏటా సుమారు పది లక్షలమంది భారతీయులు పొగవల్ల పోతారని 2008లో ఒక పెద్ద పరిశీలన అంచనా వేసింది. అందులో నూటికి 70 చావులు 30, 69 ఏళ్ళ మధ్యవే. "బీడీ చిన్నదే కదా" అనేవారు ఇంకో అంకె వినాలి. బీడీ తాగే మగవారికి ఆరేళ్ళు, ఆడవారికి ఎనిమిదేళ్ళు ఆయుష్షు తగ్గుతోందని అదే పరిశీలన చెప్పింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలను మనలో చాలామంది ఎరుగుదుం. అంగిలి క్యాన్సర్‌కు ఆ అలవాటే కారణమని డాక్టర్లు ఎన్నడో చెప్పారు.

మా కౌంటరు దగ్గరికి పోయినవారి ఖాతా సొమ్ముకోసం భార్యలు వస్తారు. ఫారంలో మరణకారణం గడి ఉండదు, వయసు మాత్రం తెలుస్తుంది. యాభై రెండు, యాభై ఆరు. పిల్లవాడి కాలేజీ ఫీజు గడువు అడుగుతూ ఆమె సంతకం పెడుతుంది. ఎవరు దేనివల్ల పోయారో నేను చెప్పలేను. కాని 30, 69 ఏళ్ళ మధ్య చావంటే ఇంట్లో ఏమవుతుందో మాత్రం మాకు ప్రతి నెలా కనబడుతుంది.

ఇన్ని చెప్పాక ఊరట కలిగించే పద్దు కూడా చెప్పాలి. ఈ అప్పుకు ముందస్తు చెల్లింపు రాయితీ చాలా ఎక్కువ. డాల్‌గారి లెక్క ప్రకారం 60వ ఏట మానినవారికి మూడేళ్ళు, 50వ ఏట మానినవారికి ఆరేళ్ళు, 40వ ఏట మానినవారికి తొమ్మిదేళ్ళు తిరిగి వస్తాయి. 30 ఏళ్ళకే మానితే దాదాపు పదేళ్ళూ దక్కినట్టే. బ్రిటన్ చావుల రేటు ముందుగా తగ్గించింది ఇలా నడివయసులో మానినవారే. పిల్లలు మొదలుపెట్టకుండా చూసినందుకు ఫలితం నలభై ఏళ్ళకు గాని కనబడదు. పెద్దలు మానితే కొద్ది ఏళ్ళలోనే కనబడుతుంది.

కనుక "ఇన్నేళ్ళు తాగాను, ఇప్పుడు మానితే ఏం లాభం?" అనే బాబాయిలకూ, మామయ్యలకూ నా మనవి ఒక్కటే. మీ వయసుకు ఎదురుగా ఉన్న అంకె చూసుకోండి. మూడేళ్ళంటే మనవరాలి పెళ్ళి చూసేటంత కాలం కావచ్చు. ఇంట్లో పొగతాగేవారుంటే ఈ పేజీ వారి చేతికివ్వండి, సాధింపు లేకుండా.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.