చెవి మిషన్‌కు వేసవి సెలవులొద్దు

నూజివీడు తోటల్లో కోతలు మొదలయ్యాయంటే ఇళ్లు నిండిపోతాయి. హైదరాబాద్‌ నుంచి కొడుకులు, బెంగళూరు నుంచి కూతుళ్లు, వాళ్ల వెంట మనవలు దిగుతారు. వసారాలో చిన్నరసాల గంప చుట్టూ అందరూ చేరతారు. పక్కనే మంచం మీద కూర్చున్న తాతయ్య కూడా అందరితో పాటు నవ్వుతుంటారు. దేనికి నవ్వుతున్నారో మాత్రం ఆయనకు తెలియదు. ‘మిషన్‌ పెట్టుకోలేదేం తాతయ్యా?’ అని మనవరాలు చెవి దగ్గర గట్టిగా అడిగితే, ‘చెమటకు పాడైపోతుందమ్మా, బీరువాలో పెట్టించాను’ అంటారు.

ఆ భయాన్ని తప్పుపట్టలేం. వేలు పోసి కొన్న వస్తువు. బాగు చేయించాలంటే విజయవాడో ఏలూరో వెళ్లాలి. కానీ ఏడాది మొత్తంలో ఇంట్లో మాటలు ఎక్కువగా వినిపించే రెండు నెలలే ఆ మిషన్‌ బీరువాలో ఉంటే, ఇక దాన్ని కొన్నదెందుకు? తోటలో పనిచేసే వారికైతే ఇది ముచ్చట్ల విషయం మాత్రమే కాదు. చిక్కంతో కాయలు కోస్తున్న మనిషి పై నుంచి ‘పక్కకు జరుగు’ అని వేసిన కేక, వెనక్కి వస్తున్న ట్రాక్టర్‌ హారన్‌ వినపడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. యంత్రం అవసరమైనవారిలో దాన్ని వాడుతున్నది ప్రపంచం మొత్తం మీద 17 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొనుక్కున్న వారు కూడా పక్కన పెట్టేస్తే ఎలా? చెవి మిషన్‌ను వేసవి నుంచి కాపాడుకోవడమంటే దాచిపెట్టడం కాదు, జాగ్రత్తగా వాడుకోవడం.

చెవి వెనక పెట్టుకునే మిషన్‌కు మొదటి శత్రువు చెమట. అందులోని ఉప్పు మైకు రంధ్రాల్లోకి, బ్యాటరీ గదిలోకి చేరి తుప్పు పట్టిస్తుంది. మధ్యాహ్నం ఒకసారి తీసి పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. చెవి వెనక భాగాన్ని కూడా తుడుచుకుని, చర్మం ఆరాక మళ్లీ పెట్టుకోండి. ఎండకు తల చుట్టూ తువాలు బిగించి కడితే మిషన్‌ కూతపెడుతుంది, చెమటా దాని మీదే నిలుస్తుంది. చెవులను వదిలేసి కట్టుకోండి, లేదా టోపీ పెట్టుకోండి. తలకు నూనె రాసుకునే అలవాటుంటే నూనె ఇంకాకే మిషన్‌ పెట్టుకోండి. మామిడి సొన అంటిన చేతులతో, రసం పండు పీల్చిన వేళ్లతో దాన్ని ముట్టుకోవద్దు. తోటలో మందు కొట్టేటప్పుడు తీసేయండి.

రాత్రి పడుకునే ముందు మిషన్‌ తీసి, బ్యాటరీ బయట పెట్టి, దాని మూత తెరిచే ఉంచండి. మూత బిగుతుగా ఉండే చిన్న డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్‌ పూసలు వేసి అందులో పెడితే తెల్లారేసరికి తడి లాగేస్తాయి. పూసల రంగు మారిందంటే వాటి పని అయిపోయిందని అర్థం. బియ్యం డబ్బాలో పెట్టడం మంచిది కాదు, ఆ తవుడు దుమ్ము రంధ్రాల్లోకి పోతుంది. జింక్‌ బ్యాటరీలు గాలి తగిలితేనే పనిచేస్తాయి. రంగు స్టిక్కర్‌ తీశాక నాలుగైదు నిమిషాలు ఆగి వేసుకోండి. వాటిని ఫ్రిజ్‌లో దాచొద్దు. ఛార్జింగ్‌ మిషన్లయితే మీరు విప్పకండి, ఎలా ఆరబెట్టాలో ఆడియాలజిస్ట్‌ను అడగండి.

ఎండలో ఆపి ఉంచిన కారులో గంట గడిచేసరికి వేడి బయటికన్నా 20 డిగ్రీలకు పైగా పెరగవచ్చు. మేలో మన దగ్గర బయటే 40 దాటుతుంది. కాబట్టి డాష్‌బోర్డు మీద మిషన్‌ను ఎప్పుడూ వదలొద్దు.

సెలవుల్లో ఒక్కరోజైనా గుడివాడ మీదుగా మంగినపూడి బీచ్‌కి వెళ్లి రావడం ఇక్కడి కుటుంబాలకు అలవాటే. ఒడ్డున కూర్చున్నంతసేపూ మిషన్‌ పెట్టుకోవచ్చు. నీళ్లలోకి దిగే ముందు మాత్రం తీసి, గట్టి డబ్బాలో పెట్టి, నీడలో ఉన్న సంచిలో భద్రపరచండి. చొక్కా జేబులో వేసుకుంటే మరిచిపోయి అలాగే అలల్లోకి వెళ్లిపోతారు. ‘మాది ఐపీ68 మిషన్‌, నీళ్లకు ఏమీ కాదు’ అనుకోకండి. ఆ అంకె మంచినీటితో చేసిన పరీక్షకు సంబంధించింది. సముద్రపు ఉప్పుకు, ఇసుకకు అది హామీ కాదు. ఒకవేళ తడిస్తే వెంటనే ఆపి, బ్యాటరీ తీసి, తుడిచి, నీడలో ఆరబెట్టి మెకానిక్‌ దగ్గరికి తీసుకెళ్లండి. ఎండలో పెట్టడం, హెయిర్‌ డ్రయ్యర్‌తో ఊదడం వద్దు. ఇంకో మాట. మిషన్‌ తీశాక అలల్లో వెనక నుంచి పిలిచే కేక వినపడదు. పక్కన ఒకరు తప్పకుండా ఉండాలి. ‘వెనక్కి రా’ అనడానికి చేతి సైగ ఒకటి ముందే అనుకోండి.

మిషన్‌ సంగతి సరే, చెవి మాటేమిటి? బావిలో ఈదినా, సముద్రంలో మునిగినా చెవిలో నిలిచిన నీరు లోపలి చర్మాన్ని నానబెడుతుంది. అప్పుడు సూక్ష్మక్రిములు, బూజు పెరుగుతాయి. గుబిలి నిజానికి చెవికి కాపలాదారు. పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో గీకితే ఆ కాపలా పోతుంది. స్నానం తర్వాత తల పక్కకు వంచి, చెవి తమ్మెను మెల్లగా లాగి నీరు కారనిచ్చి, బయట తుడుచుకుంటే చాలు. కాచిన నూనె, వెల్లుల్లి నూనె పోయొద్దు. కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు డాక్టరును అడగకుండా మునకలు వేయకూడదు. దురద, చెవి నిండినట్లు ఉండటం, తమ్మె లాగితే నొప్పి, చీము... వీటిలో ఏది కనిపించినా ఆ చెవికి మిషన్‌ ఆపి ఈఎన్‌టీ డాక్టరును కలవండి. మధుమేహం ఉన్న పెద్దవారిలో తగ్గని చెవినొప్పి ఎముక వరకూ పాకే ప్రమాదం ఉంది. దాన్ని వారాల తరబడి ఓర్చుకోవద్దు.

ఇంటి నిండా పిల్లలున్న ఈ రోజుల్లో మరో రెండు హెచ్చరికలు. మిషన్‌ బ్యాటరీ మాత్రంత ఉంటుంది, మెరుస్తుంటుంది. పిల్లలు మింగినా, ముక్కులో దూర్చుకున్నా అది లోపల కండను కాల్చేస్తుంది. అలా జరిగితే ‘రేపు చూద్దాం’ అనకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. పాత బ్యాటరీలను కూడా మందుల డబ్బా పక్కన ఉంచకండి. ఇక రెండోది. ఒక చెవికి ఉన్నట్టుండి వినపడటం తగ్గితే చెమటకు మిషన్‌ పోయిందని అనుకుని ఊరుకోకండి. బ్యాటరీ మార్చినా తేడా లేకపోతే లోపం చెవిలోనే ఉండొచ్చు. హఠాత్తుగా వినికిడి పడిపోవడం అత్యవసర పరిస్థితి. రెండు మూడు రోజుల్లోపే చికిత్స మొదలైతే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

కేంద్రం అమలు చేసే అడిప్‌ పథకం కింద అర్హులకు చెవి మిషన్లు ఇస్తున్నారు. స్వచ్ఛంద సంస్థలూ శిబిరాలు పెట్టి పంచుతున్నాయి. ఇచ్చేవారికి మా విన్నపం ఒక్కటే. మిషన్‌తో పాటు పూసల డబ్బా కూడా ఇవ్వండి. దాన్ని ఎలా చూసుకోవాలో ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టి అరగంట చెప్పండి. ఆ అరగంట లేకే చాలా మిషన్లు బీరువా చేరుతున్నాయి.

ఈ ఆదివారం మీ ఇంట్లో కాయలు ముగ్గిన వాసన వచ్చి అందరూ వసారాలోకి చేరేముందు ఒక పని చేయండి. బీరువా తెరిచి ఆ మిషన్‌ బయటికి తీయండి. తుడిచి, కొత్త బ్యాటరీ వేసి తాతయ్య చేతికివ్వండి. ఈసారి ఆయన దేనికి నవ్వుతున్నారో ఆయనకు తెలుస్తుంది.