ఈ రాళ్లెందుకని పిల్లలు అడిగితే...

మామ మందను మేపుకుంటూ మోషే హోరేబు కొండ దగ్గరికి వచ్చాడు. అక్కడ ఒక పొద మండుతోంది, కాని కాలిపోవడం లేదు. గొర్రెల కాపరికి పొద్దు గూకేలోగా బోలెడు పనులుంటాయి. 'మనకెందుకులే' అనుకుని మందను తోలుకుపోయినా ఆయనను తప్పుపట్టేవారెవరూ లేరు. కాని మోషే ఆ వింతేమిటో చూద్దామని పక్కకు తిరిగాడు. అలా తిరగడం చూశాకే దేవుడు ఆయనను పేరుపెట్టి పిలిచాడని బైబిలు చెబుతోంది (నిర్గమ 3:1-4). ఇశ్రాయేలీయుల విడుదల చరిత్ర ఒక మనిషి దారిలో ఆగడంతో మొదలైంది.

ఇప్పుడు రోడ్లు బాగుపడ్డాయి, బళ్ల వేగం పెరిగింది, ఆగడం మాత్రం తగ్గింది. క్రిస్మస్ రోజుల్లోనో వేసవి సెలవుల్లోనో మన సంఘాలు బస్సు కట్టించుకుని యాత్రకు బయలుదేరతాయి. మాచారెడ్డి నుంచి కామారెడ్డి, రామాయంపేట మీదుగా మెదక్ చర్చికి వెళ్లి రావడం మన ప్రాంతంలో మామూలే. బస్సులో పాటలుంటాయి, పులిహోర పొట్లాలుంటాయి. కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడికి హైవే పక్క దాబా ముందు నిలబెట్టిన పెద్ద బొమ్మో, దిమ్మె మీదికెక్కించిన పాత బండో, పొలాల మధ్య ఒంటరి బురుజో కనబడుతుంది. 'బాపూ, అదేంది?' అంటాడు. 'ఏదో ఉంటది తియ్, సక్కగ కూసో' అని జవాబొస్తుంది. ఒకవేళ బస్సు ఆగినా అందరూ దిగి, దానికి వీపులు తిప్పి నిలబడి, ఫోన్లో ఫొటో తీసుకుని ఎక్కేస్తారు. ఆపకుండా పోవడమూ, ఆగి తమ ముఖాలనే చూసుకోవడమూ రెండూ ఒకటే. రెండింటిలోనూ పిల్లవాడి ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

దారి పక్క వింతలు విశ్వాసికెందుకు, అది కాలహరణం కాదా అని కొందరు పెద్దలంటారు. అయితే యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయం చదవాలి. యొర్దాను దాటిన ప్రజలతో దేవుడు నది మధ్య నుంచి పన్నెండు రాళ్లు మోయించి, ఒడ్డున గిల్గాలులో నిలబెట్టించాడు. అవి చెక్కిన శిల్పాలు కావు, వెల గల రాళ్లూ కావు. రేపు పిల్లలు వాటిని చూసి ఇవెందుకని అడగాలి, పెద్దలు చెప్పాలి, వాటి పని అంతే. అంటే దారిన పోయే పిల్లలను ఆపి ప్రశ్న అడిగించే వింతను దేవుడే ఏర్పాటు చేశాడన్నమాట! అయితే రాళ్లు మాట్లాడవు. జవాబు తెలిసిన పెద్దలు లేకపోతే అవి వట్టి రాళ్లే.

మరి మన గిల్గాలు రాళ్ల గురించి మన పిల్లలకు ఎంత తెలుసు? మెదక్ చర్చి 175 అడుగుల గోపురం కింద ఫొటో దిగని క్రైస్తవ కుటుంబం మన ప్రాంతంలో అరుదు. కాని అది కరువుకాలపు కట్టడమని ఎంతమంది పిల్లలకు చెప్పాం? చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఆకలితో ఉన్న పల్లె జనానికి దానంగా కాక, పని ఇచ్చి గౌరవంగా అన్నం పెట్టాలనుకున్నాడు. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ఆలయ ప్రతిష్ఠ జరిగింది. ఆ గోడల్లో ఎందరో పేదల చెమట ఉంది, వారి ఇళ్లలో ఆనాడు వెలిగిన పొయ్యిలున్నాయి. అక్కడి రంగుటద్దాల కిటికీల్లో ప్రభువు జననం, సిలువ, ఆరోహణం కనిపిస్తాయి. అయితే బయట నుంచి సూర్యుడి వెలుగు పడితేనే ఆ బొమ్మలు తెలుస్తాయి. దారిలో ఎక్కడెక్కడో పొద్దుపుచ్చి చీకటి పడ్డాక చేరేవారికి నల్లటి అద్దాలే మిగులుతాయి.

కామారెడ్డి నుంచి నిజామాబాద్ వైపు వెళ్తే డిచ్‌పల్లి వస్తుంది. కుష్ఠువ్యాధి సోకిన వారిని ఊరి బయటికి తరిమి, ఎదురైతే ముక్కు మూసుకుని తప్పుకునే రోజుల్లో, 1915లో, అక్కడ వారి కోసం ఒక ఆసుపత్రి వెలిసింది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దాన్ని స్థాపించారు. అందుకు పెద్ద మొత్తం విరాళమిచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ సోదరుడు. మంచి సమరయుని ఉపమానంలో యాజకుడు, లేవీయుడు చూసి కూడా పక్కనుంచి వెళ్లిపోయారు, పరాయివాడు ఆగాడు (లూకా 10:31-33). ఆ ఉపమానం కళ్లెదుట జరిగిన చోటును, దాని మీద పాట పాడుకుంటూనే మన బస్సులు దాటిపోతున్నాయి! ఆసుపత్రి విహారస్థలం కాదు, గుంపుగా లోపలికి వెళ్లనక్కర్లేదు. ఊళ్లో చెట్టు నీడన బండి ఆపి, పది నిమిషాలు పిల్లలకు ఆ కథ చెబితే చాలు.

ఇది మన చర్చి కాదు కదా అని మిగతావాటిని వదిలేయడమూ సరికాదు. పౌలు ఏథెన్సు వీధుల్లో కళ్లు మూసుకుని నడవలేదు. అక్కడివారు కట్టుకున్నవన్నీ శ్రద్ధగా చూశాడు కాబట్టే వారితో మాట్లాడగలిగాడు (అపొ. కార్య. 17:23). మనకు దగ్గర్లోనే ఉన్న దోమకొండ కోటను శిథిలం కాకుండా బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. దాని రాళ్లు మోసినవారు మన తాతముత్తాతల్లాంటి కూలీలే. దాబా ముందున్న ఆ పెద్ద బొమ్మను కూడా ఎవరో ఒక పనివాడు ఎండలో నిలబడి చేశాడు. అతని పనితనాన్ని మెచ్చుకోవడానికి రెండు నిమిషాలు ఆగితే యాత్రకు వచ్చిన నష్టమేమీ లేదు.

యేసుప్రభువు యెరూషలేముకు, సిలువ మరణానికి వెళ్తూ యెరికోలో ఆగాడు. దారి పక్క గుడ్డివాడు కేకలేస్తుంటే జనం ఊరుకోమన్నారు, ప్రభువు నిలిచిపోయాడు (మార్కు 10:46-49). మేడిచెట్టెక్కిన జక్కయ్యను జనం వింతగా చూసి ఉంటారు, ప్రభువు అతని ఇంట బస చేశాడు (లూకా 19:1-10). లోకాన్ని రక్షించే పని మీద వెళ్తున్నవాడికి ఆగే తీరిక ఉంది, పిక్నిక్‌కు వెళ్తున్న మనకు లేదట!

ఈసారి సంఘం యాత్రకు బస్సు మాట్లాడేటప్పుడు ఒక గంట ఎక్కువకు మాట్లాడండి. దారిలో ఏముందో సంఘ పెద్దలను ముందే అడిగి తెలుసుకోండి. ఎక్కడ ఆగాలో పిల్లలనే చెప్పనివ్వండి. అందరికంటే ముందు చేరామన్నది వారికి గుర్తుండదు. అమ్మానాన్నలు తమ ప్రశ్న విని, బండి దిగి, పక్కన నిలబడి జవాబు చెప్పారన్నది మాత్రం, వాళ్లు తమ పిల్లలను తీసుకుని అదే దారిన వెళ్లిన రోజున కూడా గుర్తుంటుంది.