తిప్పని వాల్వు ఆపదలో తిరగదు

అమలాపురం: కోనసీమలో కొబ్బరితోటల కింద, వరిచేల కింద గ్యాసు, చమురు గొట్టాలు పోతున్నవి. గొట్టం వేసేటప్పుడు పరిహారం ఎంత అన్న చర్చ గట్టిగానే జరుగుతుంది. గొట్టం పగిలితే మూసే వాల్వు ఎక్కడున్నది, ఎవరు మూస్తారు అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

కాలువ తూముకు తలుపు ఎలాంటిదో పైపులైనుకు గేటు వాల్వు అలాంటిది. చక్రం తిప్పితే లోపలి లోహపు పలక దిగి దారి మూస్తుంది. ఎదురు తిప్పితే పూర్తిగా పైకి పోతుంది. అప్పుడు ప్రవాహానికి అడ్డం ఉండదు, ఒత్తిడి అంతగా తగ్గదు. అందువల్ల నీరు, ఆవిరి, చమురు పోయే లైన్లలో, ఊరి మంచినీళ్ల ట్యాంకు కింద కూడా దీనిని వాడుతారు. గ్యాసు ప్రధాన లైన్లలో బాల్ వాల్వులు ఎక్కువ. రకం ఏదయినా ఆపదలో చేయవలసిన పని ఒక్కటే: పగిలిన భాగాన్ని మిగతా లైను నుంచి వేరు చేయడం.

గేటు వాల్వును పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. ప్రవాహం తగ్గించడానికి సగం తెరిచి వదిలితే పలక అదిరి, అది కూర్చునే అంచులు అరిగిపోతాయి. తరువాత మూసినా కారుతుంది. ఏళ్ల తరబడి తిప్పకపోతే మరలు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. గాడిలో మట్టి చేరితే పలక అడుగుదాకా దిగదు. ఇవన్నీ అవసరం పడిన నాడే బయటపడతాయి.

రాజస్థాన్‌లో జైపూర్ సమీపంలోని ఇండియన్ ఆయిల్ డిపోలో 2009 అక్టోబరు 29న జరిగిన ప్రమాదమే ఇందుకు తార్కాణం. పెట్రోలు పంపే ఏర్పాటులో, లైనుకు అడ్డుపలక మార్చే చోటు తెరిచి ఉండగానే ట్యాంకు వాల్వు కూడా తెరిచి ఉన్నది. పెట్రోలు చిమ్మింది. ఆవిరి కమ్మేయడంతో సిబ్బంది వాల్వు దగ్గరకు వెళ్లలేకపోయారు. కంట్రోలు గది నుంచి మూసే ఏర్పాటు పనిచేయలేదు. సుమారు గంటాపావు కారిన తరువాత ఆవిరి అంటుకుని పేలింది. 11 మంది మరణించారు. మంటలు 11 రోజులు ఆరలేదు. వాల్వు లేక కాదు, దానిని మూసే దారి లేక ఇంత నష్టం జరిగింది.

మన నగరంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాసు లైను పేలి ఇరవై మందికి పైగా బలైనారు. అక్కడ పగిలింది గొట్టం. అయితే గొట్టం పగిలినప్పుడు వాల్వులు మూసినా, రెండు వాల్వుల నడుమ ఉన్న గ్యాసు బయటికి వచ్చి తీరుతుంది. కనుక వాల్వుల మధ్య దూరం ఎంత, మూయడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది అన్నవి పక్కనున్న ఇళ్ల వారికి ప్రాణ ప్రశ్నలు.

ఈ వివరాలు గ్రామసభలలో అడగడం ప్రజల హక్కు. మా ఊరికి రెండువైపులా వాల్వులు ఎక్కడున్నవి? వాటిని చివరిసారి ఎప్పుడు తిప్పి చూశారు? రాత్రివేళ కబురు అందుకునేది ఎవరు? కంపెనీలు వీటికి కాగితం మీద సమాధానం ఇవ్వవలసి ఉన్నది.

ప్రజల బాధ్యత కూడా ఉన్నది. వాల్వులను ఎవరూ ముట్టుకోరాదు. బుస శబ్దం వచ్చినా, చేను నీటిలో బుడగలు లేచినా, పచ్చగడ్డి ఒక్కచోటే మాడినా నిప్పు దరి చేరనీయక దూరంగా పోవాలి. లైను గుర్తు బోర్డు మీది నెంబరుకు వెంటనే తెలపాలి. ఆ నెంబరు ముందుగానే రాసి ఉంచుకోవడం మేలు. తూము తలుపు పట్టు ఎలా ఉన్నదో వరద రాకముందే చూసుకుంటాము కదా!