ఇల్లు కూల్చి గుమ్మం మోసేవారికి



మొన్న చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం మెట్లు దిగుతుండగా నా పూర్వ విద్యార్థి ఒకడు ఎదురైనాడు. మనుమణ్ణి బడిలో చేర్చాడట. "ఇంటిపేరు తీసేశాం మాస్టారూ. ఈ కాలంలో ఇంకా కులవాసన ఎందుకండీ? చివర నాయుడు ఉంది, అది చాలు" అన్నాడు. నివ్వెరపోయాను. కులం వద్దని ఇంటిని కూల్చి, కులాన్ని మాత్రం తోరణం చేసి కట్టుకొన్న మహానుభావుడు!

నాయుడు, రెడ్డి, శర్మ ఇంటిపేర్లు కావు. అవి గౌరవవాచకాలో కులవాచకాలో. ఇంటిపేరు వేరు. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊరిపేర్లే. కందుకూరు 'కందుకూరి' అయింది. ఊరు ఊరి అయినట్లే, ఇది ఔపవిభక్తికం. కందుకూరి వీరేశలింగం అంటే కందుకూరుకు చెందిన వీరేశలింగం. కనుకనే ఇంటిపేరు ముందుంటుంది. పాశ్చాత్యుల మెప్పు కోసం దానిని చివరకు ఈడ్చి 'వీరేశలింగం కందుకూరి' అంటే షష్ఠి గాలిలో వేలాడుతుంది. వ్యాకరణానికే అపచారం.

ఇంటిపేరు చూసి కులం ఊహించేవారు లేరా అంటారు. ఉన్నారు, కాదనను. అయితే ఒకే ఊరినుండి తరలిన వేర్వేరు కులాలవారికి ఒకే ఇంటిపేరు ఉండవచ్చు. ఊహకు లొంగేదానిని విడిచి, బాహాటంగా చాటేదానిని ఉంచుకోవడం ఏ సంస్కరణ?

పోగొట్టుకొంటే ఏమవుతుందో నేటాలు తెలుగువారిని అడగండి. 1860 నవంబరు 16న మద్రాసునుండి 'ట్రూరో' ఓడ డర్బను చేరింది. 1911 వరకు ఓడలు వెళ్తూనే ఉన్నాయి. కూలీల పట్టికలలో పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు వ్రాశారు. ఇంటిపేరుకు గడి లేదు. తరువాతి తరాలకు తాతపేరో, నాయుడు అనే బిరుదో వంశనామమై కూర్చుంది.

డర్బను నుండి ఒకరు నాకు ఉత్తరం వ్రాశారు. వారి వంశనామం అప్పలస్వామి. సింహాద్రి అప్పన్న పేరు కనుక విశాఖ, విజయనగరం ప్రాంతమై ఉంటుందని చెప్పగలిగాను. అంతకుమించి చెప్పలేకపోయాను. పట్టికలోని ఊరిపేరు ఆంగ్లాక్షరాలలో చెదిరి పోల్చరాకుండా ఉంది. ఇంటిపేరు ఒక్కటి మిగిలి ఉంటే వెతకడానికి ఒక దారి దొరికేది. ఆ కూలీల చేతిలో కలం లేదు. మన చేతిలో ఉంది. మన నేరానికి క్షమ ఎక్కడ?

కెనడాలోని ఫ్రెంచివారిని చూడండి. 1665లో కారిన్యాన్-సాలియేర్ పటాలంతో వచ్చిన సైనికులలో పలువురికి అసలు వంశనామం గాక మారుపేరు ఉండేది. రెంటి నడుమ 'అనబడే' అనే అర్థంలో 'డీ' అని వ్రాసేవారు. అన్న బిడ్డలకు ఒకటి, తమ్ముని బిడ్డలకు మరొకటి నిలిచినా, చర్చి దస్తావేజులు రెంటినీ పదిలపరిచాయి. పైగా స్త్రీని పుట్టింటి పేరుతోనే నమోదు చేశాయి. నేడు వారి వారసులు పదిహేడవ శతాబ్దం దాకా తల్లుల వరుసను కూడా చదువుకొంటున్నారు.

ఇక్కడ నేనూ దోషినే. మా నాయనమ్మ పుట్టింటి పేరు నాకు తెలియదు. గాంధీనగర్‌లో ఇన్నేళ్ళు పిల్లలకు సంధులు, సమాసాలు నూరిపోసిన నేను, ఆమె బ్రతికి ఉండగా ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

మీ ఇంట వృద్ధులుంటే ఈ రాత్రే అడగండి. అమ్మమ్మ, నాయనమ్మల పుట్టిళ్ళతో సహా మూడు తరాలు కాగితం మీద వ్రాసుకోండి. మీ ఇంటిపేరు ఏ ఊరిదో వ్యాఖ్యలలో చెప్పండి. నాతో విభేదించేవారూ రండి, వాదిద్దాం. అయితే ఇంటిపేరుతో రండి!