పుష్కరాలకు వచ్చేటోళ్లు ఒక్కరోజు ఆగండి

హైదరాబాద్‌లో, సింగరేణి క్వార్టర్లలో, గల్ఫ్‌లో ఉంటున్న చెన్నూరు వాళ్లకు ఈ మనవి. 2027లో గోదావరి పుష్కరాలు. 2015లో ఎట్లా గడిచిందో గుర్తుందిగా: పొద్దున్నే మూడు మునకలు, పెద్దలకు పిండాలు, మధ్యాహ్నానికల్లా బండెక్కడం. ఈసారి సెలవు ఒక్కరోజు ఎక్కువ పెట్టుకోండి. పిల్లలకు ఊరి చుట్టుపక్కల చూపించాల్సింది చాలా ఉంది.

మనది ఒకప్పటి హైదరాబాద్ సంస్థానపు కొసన ఉన్న ఊరు. చౌమహల్లా వంటి ప్యాలెస్ మనకు లేదు. ఉన్నది బొక్కలగుట్ట అడవిలోని గాంధారి ఖిల్లా, గోండు రాజుల నాటి కోట. గుట్ట రాతిలోనే భైరవుణ్ని చెక్కారు. మాఘంలో నాయకపోడులు అక్కడ గాంధారి మైసమ్మ జాతర చేస్తారు. అది వాళ్ల ఇలవేల్పు చోటు కాబట్టి చెప్పులు విప్పి పోండి, ఫొటో తీసేముందు అడగండి. బండల మీద పేర్లు చెక్కే ప్రేమికులకు వేరే దండం! వానపడితే రాయి జారుతుంది, ముసలివాళ్లను పైకి ఎక్కించకండి.

ఊళ్లోని అగస్త్యేశ్వరాలయం, ఇక్కడ ఉత్తరానికి తిరిగే గోదావరి గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది!

అసలు చెప్పాల్సింది జైపూర్ మండలం శివ్వారం గురించి. గోదావరి మడుగుల్లో మొసళ్లుండే అభయారణ్యం అది. ఎండకాలంలో తల్లి మొసలి ఒడ్డున ఇసుకలో గుంత తీసి గుడ్లు పెడుతుంది. పుట్టేది ఆడో మగో ఆ ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వానలకు కాస్త ముందు పిల్లలు బయటికొస్తే తల్లి నోట కరుచుకుని నీళ్లలో వదులుతుంది. పుష్కరాల నాటికి ఆ పిల్లలు ఇంకా చిన్నవే. డ్రోన్లు ఎగరేయకండి, కోడిమాంసం విసరకండి. చలికాలంలో ఎండ కాచుకోవడానికి ఒడ్డెక్కినట్టు పుష్కరాలొచ్చే వానకాలంలో మొసళ్లు కనబడవు. కనబడలేదని రాళ్లు వేసేవాళ్లనూ ఆపండి.

అయినా ఒకరోజు వచ్చిపోయే జనం కంటే ఇసుక లారీలే వాటికి ఎక్కువ ముప్పు అని నేను అనుకుంటాను. ఇసుక పోతే గుడ్లకు చోటు పోయినట్టే. పుష్కరాల లోపు ఇల్లు కట్టించుకోవాలని మనలో చాలామంది తొందరపడుతున్నారు. బేరం ఆడేముందు ఆ ఇసుక ఎక్కడిదో, రసీదు ఉందో లేదో మేస్త్రీని అడగండి. నాలుగు పైసలు ఎక్కువైనా అడగండి.

ఇంకొక్క మాట. ఊళ్లో తాళం వేసిన ఇండ్లు చాలా ఉన్నాయి, లాడ్జీలేమో పుష్కరాలకు వచ్చే జనానికి ఏ మూలకూ చాలవు. మీ ఇంటి తాళంచెవి పక్కింటివాళ్ల దగ్గర పెట్టి, ముందుగా ఊడ్పించి, బోరు మోటారు పనిచేస్తుందో లేదో చూపించండి. మీరు రాలేకపోయినా దూరం నుంచి వచ్చిన ఎవరైనా రెండు రాత్రులు పడుకుంటారు.