సూరత్ తెలుగు బడి: హెడ్మాస్టరుకు తోడెవరు?

మా నాయన సూరత్‌లో సాంచాలు నడిపేవాడు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలీ. లింబాయత్‌లో ఒక్క గదిలో మా కాపురం. నన్ను తెలుగు బడిలో వేసిన రోజు నాయనకు ఫారం నింపడం రాలేదు. హెడ్మాస్టరు సారే తీసుకొని నింపారు. మధ్యలో ఫోనొస్తే గుజరాతీలో ఎవరికో లెక్కలు చెప్పారు. మూడో తరగతిలో గోల మొదలైతే ఫారం అక్కడే పెట్టి పాఠం చెప్పడానికి పోయారు. మా ఫారం మధ్యాహ్నానికి పూర్తయింది. నాయనకు ఆ పూట కూలీ పోయింది.

హెడ్మాస్టరంటే అన్నీ ఒక్కడే చేసే మనిషని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు విద్య మీద పరిశోధన చేస్తున్నాను. ఆ రోజు ఆయన గొప్పతనమే కాదు, ఆయన ఒంటరితనం కూడా కనబడుతోంది.

సూరత్ కార్పొరేషన్ కింద నగర్ ప్రాథమిక్ శిక్షణ్ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ బళ్లు నడుపుతోంది. ఒక నగర సంస్థ ఇన్ని భాషల్లో ప్రాథమిక విద్య ఇవ్వడం గౌరవించాల్సిన విషయం. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య అందేలా చూడమని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెప్తుంది. కానీ బడి పెట్టడం వేరు, ఆ బడిని నడిపే మనిషిని నిలబెట్టడం వేరు.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో పిల్లలు 150 దాటితేనే హెడ్మాస్టరు పోస్టు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకైతే 100 దాటాలి. వలస బస్తీ బడికి ఈ లెక్క ఎలా సరిపోతుంది? సాంచాలు ఆగితే కుటుంబాలు ఊరికి పోతాయి, పని దొరికితే తిరిగొస్తాయి. రిజిస్టరులో సంఖ్య ఎప్పుడూ ఒక చోట నిలవదు. సంఖ్య తగ్గితే పోస్టు దక్కదు. అప్పుడు సీనియర్ టీచరే ఇన్‌ఛార్జి. ఆయన తన క్లాసు వదలడు, ఆఫీసు పనీ వదలడు. అన్నిటికన్నా ఎక్కువ సాయం కావాల్సిన బడికే అందరికన్నా తక్కువ సాయం అందుతుంది.

పైనుంచి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: శిక్షణ. గుజరాత్‌లో హెడ్మాస్టరు పోస్టుకు హెచ్‌టాట్ అనే పరీక్ష ఉంది. ఢిల్లీలోని నీపాలో స్కూల్ లీడర్‌షిప్ కోసం జాతీయ కేంద్రమే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం హెడ్మాస్టర్లకు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. ఇవేవీ వద్దనను. కానీ మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, ఓటర్ల జాబితా పని నెత్తిన పెట్టుకున్న మనిషికి నాయకత్వం మీద ఉపన్యాసమిస్తే ఏం లాభం? ఆ 50 గంటలు ఆయనకు ఎక్కడి నుంచి వస్తాయి?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతీరావు ఫూలే ప్రాథమిక బడి టీచర్ల గురించే మాట్లాడారు. శిక్షణ పొందినవాళ్లు కావాలన్నారు. శ్రమ చేసే కులాల నుంచి రావాలన్నారు. జీతం 12 రూపాయలకు తగ్గొద్దన్నారు. సామర్థ్యం, సామాజిక మూలం, వసతి మూడూ కలిపి అడిగారు. 1927లో బొంబాయి శాసన మండలిలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఒక లెక్క ముందుపెట్టారు: ప్రాథమిక బడిలో చేరిన 100 మందిలో నాలుగో తరగతికి చేరేది 18 మందే. బడిలో చేర్చడంతో పని అయిపోదు, నిలబెట్టాలి. ఏ పిల్ల వారం నుంచి రావట్లేదో గమనించి ఆ ఇంటికి పోవాల్సింది హెడ్మాస్టరే. ఆయన్ని గుమాస్తాను చేస్తే ఆ పిల్ల బడి బయటే ఉండిపోతుంది.

కాబట్టి నేను అడిగేవి చిన్నవే. అల్పసంఖ్యాక భాషల బళ్లకు, దళిత, ఆదివాసీ, వలస బస్తీల బళ్లకు సంఖ్యతో పని లేకుండా హెడ్మాస్టరు పోస్టు ఇవ్వాలి. నాలుగైదు బళ్లకు కలిపి ఒక క్లర్కును పెట్టాలి. సర్క్యులర్లు, శిక్షణ ఆ టీచర్లకు పట్టున్న భాషలో ఉండాలి. తనిఖీకి వచ్చే అధికారి కాకుండా, నెలకోసారి వచ్చి పక్కన కూర్చునే అనుభవమున్న హెడ్మాస్టరు తోడుండాలి. పిల్లలందర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టినందుకు ఊరి పెద్దలు మీదికొస్తే, శాఖ ఆయన్ని బదిలీ చేయకుండా వెనక నిలబడాలి.

ఇంకోటి మన చేతిలోనే ఉంది. చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బలహీన వర్గాల వాళ్లకు వాళ్ల పిల్లల సంఖ్యకు తగ్గట్టు చోటుండాలి. కానీ పని దినం పొద్దున పదకొండుకు మీటింగు పెడితే మా నాయనలాంటి వాళ్లు ఎట్లా వస్తారు? షిఫ్టు మారే వేళ పెట్టండి, సెలవు రోజు పెట్టండి. సంతకాల కోసం పిలవడం మానేసి ఖర్చుల లెక్క చదివి వినిపించండి. ఆ తల్లిదండ్రులే హెడ్మాస్టరుకు బలం.

‘పిల్లలంతా ఇంగ్లీషు మీడియంకు పోతుంటే తెలుగు బడి గురించి ఈ బాధెందుకు?’ అని మిత్రులు అడుగుతారు. మన పిల్లలకు ఇంగ్లీషు కావాల్సిందే. నేనూ కోరుకుంటాను. కానీ బోర్డు మీద మీడియం మార్చినంత మాత్రాన బడి మారదు. ఆ గదిలో అదే ఒంటరి మనిషి అదే ఫారాల ముందు కూర్చొని ఉంటే ఏ భాషలోనైనా మూడో తరగతిలో గోలే మిగులుతుంది.

మన యూనివర్సిటీల్లో విద్య మీద ఎన్నో సెమినార్లు పెట్టుకుంటున్నాం. ఈసారి ఒక ప్రాథమిక బడి హెడ్మాస్టరును పిలుద్దాం. ఆయన్ను మాట్లాడనిద్దాం, మనం రాసుకుందాం.

జై భీమ్.